గడప కింద గాలి

మేస్త్రి వేలి కణుపుతో తలుపు రెక్కని పైనుంచి కిందికి కొట్టుకుంటూ వస్తున్నాడు. టక్, టక్, టక్. మీరు ఆయన వెనకే నిలబడ్డారు. రాజమండ్రిలో పాత కలప అమ్మే అడితి ఇది. కూల్చేసిన మండువా ఇళ్ళ దూలాలూ వాసాలూ, ఊచల కిటికీలూ, పసుపు మరకలు పోని గడపలూ ప్రహరీకి చేరేసి ఉన్నాయి. ఎండకి కాగిన టేకు వాసన ముక్కుకి తగులుతోంది. కింద జానెడు మిగిలిందనగా చప్పుడు మారింది, బోలుగా. "చెద," అని ఆ రెక్కని పక్కకి నెట్టేశాడు. రెండోదీ అంతే. మూడోది మాత్రం పైనుంచి కిందాకా ఒకటే మోత. టేపు తీసి మందం చూశాడు. అంగుళమున్నర.

"ఏజెన్సీ టేకాండీ, రంగూన్ టేకాండీ?" అడిగింది వెంట వచ్చిన అమ్మాయి.

ఆయన గోటితో గీకి వాసన చూసి, "ఏదైతే ఏముందమ్మా. ఎండాల్సింది ఎండిపోయింది. ఇక వంకర పోదు," అన్నాడు.

పాత కలప కోసం రావడానికి కారణం అదే. ధర అనుకునేరు, అడితి ఆయన చెప్పే రేటు విన్నాక ఆ భ్రమ ఉండదు. సరిగ్గా ఆరని కొత్త చెక్క ఎండలకి ముడుచుకుంటుంది, వానలకి ఉబ్బుతుంది. ఏడాది తిరిగేసరికి తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు పడుతుంది. రికార్డింగు గదికి ఆ సందే శత్రువు. గోడ ఎంత మందంగా కట్టినా సరే, దాని వైశాల్యంలో నూరోవంతు తెరిచి ఉంటే మొత్తమ్మీద అది ఆపగలిగే చప్పుడు 20 డెసిబెల్స్ దాటదు. మనం గోడలకి వేలకు వేలు పోస్తాం, శబ్దం గడప కింద నుంచి తాపీగా నడిచి వస్తుంది.

సాయంత్రానికి ఏరిన రెండు రెక్కలూ ఇంటికి చేరాయి. పాత ఇల్లు, వెనక వైపు గది. ఇది వరకు ధాన్యం పోసుకునేవారట. అమ్మాయి కథలు చదివి రికార్డు చేస్తుంది, తమ్ముడిది మృదంగం. ఇద్దరికీ ఒకే గది, ఒకే ఇబ్బంది. అది ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, ఇప్పుడే వస్తోంది. ముందు కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది, తర్వాత చెవికి అందింది. గోదావరి మీద 1974 నాటి రోడ్డు-రైలు వంతెన దాటి వస్తున్న గూడ్సు. కొవ్వూరు వైపు నుంచి ఎన్ని పెట్టెలు వస్తున్నాయో లెక్కపెట్టేంత తీరిగ్గా పోతోంది.

మూలన కుర్చీలో కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. రేడియోలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. రైలు పోయాక కళ్ళు తెరిచి, "గాల్లో వచ్చేదాన్ని గోడతో ఆపొచ్చు. నేలలో వచ్చేదాన్ని ఆపాలంటే నేలే మార్చాలి," అన్నాడు.

అందుకని గదిలో ఇంకో గది కడుతున్నారు. లారీ టైర్ల నుంచి కోసిన రబ్బరు ముక్కలు గచ్చు మీద వరసగా పరిచారు. వాటి మీద పాత వాసాలు, వాసాల మధ్య ఖాళీల్లో కోనసీమ కొబ్బరి పీచు, పైన పలకలు. గోడలూ అంతే: వాసాలతో చట్రం, లోపలి వైపు పలక, దాని మీద రెండు పొరల జిప్సం బోర్డు. ఆ బోర్డు మటుకు కొత్తగా కొన్నదే. అన్నీ పాతవే వాడి తీరాలన్న పంతం ఇక్కడ ఎవరికీ లేదు. ఓ మూతపడిన సినిమా హాలు నుంచి గోడ పలకలు ఊరికే ఇస్తామన్నారు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో తేలకుండా గుమ్మం ఎక్కనివ్వనన్నాడు పెద్దాయన. ఆ హాలు వెల్వెట్ పరదా మాత్రం తెచ్చుకున్నారు.

లోపలి చట్రం బయటి గోడకి ఎక్కడా తగలకూడదు. చెప్పినంత తేలిక కాదిది. జన్మంతా ప్రతి చట్రాన్నీ గోడకి బిగించిన చేతులు మేస్త్రివి. "గోడ ఆసరా లేకపోతే నిలబడుద్దా అండీ?" అని మొదటిరోజే అడిగాడు. ఇప్పుడు నాలుగు మూలలా కుసులు తొలిచి, ఒకదాంట్లో ఒకటి దింపి, అడ్డంగా పట్టీలు వేశాక భుజంతో గట్టిగా నెట్టి చూస్తున్నాడు. కదల్లేదు. మీరూ నెట్టి చూడండి. రెండంగుళాల అవతల ఇటుక గోడ, మధ్యలో గాలి. పనికుర్రాడు వైరు తగిలించడానికి చట్రంలోంచి గోడలోకి ఓ పొడుగు మేకు దించబోతే మేస్త్రే కేకేశాడు: "ఒరేయ్! ఆ మేకెక్కే రైలు వస్తాదిరా లోపలికి!" పెద్దాయన నవ్వాడు. పాఠ్యపుస్తకాల్లో ఇంతకన్నా బాగా చెప్పలేదు.

లోపల మిగిలిన జాగా 13 అడుగుల పొడవు, 10 వెడల్పు, 9 ఎత్తు. మూడూ మూడు రకాలుగా ఉండటం మంచిదే. ఎదురెదురు గోడల మధ్య ఏ శబ్దం సగం తరంగం సరిగ్గా ఇముడుతుందో ఆ శ్రుతి గదిలో ఊరికే ఉబ్బుతుంది. 13 అడుగులకి అది దాదాపు 43 హెర్ట్జ్, 10 అడుగులకి 56 చిల్లర. కొలతలన్నీ సమానమైతే ఆ ఉబ్బులన్నీ ఒకేచోట పడి, ఒక్క స్వరమే గదిని ఏలుతుంది.

చప్పట్లు కొట్టండి ఒకసారి. విన్నారా, చివర్న ఆ కీచుమనే వణుకు? గోడ నుంచి గోడకి బంతాట అది. బయటి చప్పుడు లోపలికి రాకుండా చేయడం ఒక పని, లోపలి చప్పుడుని లొంగదీయడం ఇంకో పని. ఈ రెంటినీ కలిపేసుకునే, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించుకుని, పక్కింటి మిక్సీ ఇంకా వినిపిస్తోందని జనం బాధపడతారు. అట్ట ముక్కకి మిక్సీని ఆపే బరువు ఎక్కడిది?

పెద్దాయన జేబులోంచి పెన్సిల్ తీసి, పలక ముక్క మీద లెక్క వేస్తున్నాడు. గది ఘనపరిమాణం 33 ఘనమీటర్లు. దాన్ని 0.161తో గుణించి, శబ్దం ఎంతసేపట్లో అణగాలో దానితో భాగించాలి. మాట స్పష్టంగా ఉండాలంటే 0.3 సెకన్లు. వచ్చింది దగ్గరదగ్గర 18 చదరపు మీటర్లు. అంటే పరుపులూ పరదాలూ మనుషులూ అంతా కలిసి, శబ్దాన్ని పూర్తిగా మింగే 18 చదరపు మీటర్ల ఉపరితలంతో సమానం కావాలి.

ఈ సూత్రం పుట్టిందీ మెత్తల మీదే. 1895లో హార్వర్డులో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట ఐదు సెకన్లకి పైగా మోగుతూ ఉండేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వాలెస్ సబీన్ అనే కుర్ర లెక్చరరు పక్కనున్న సాండర్స్ థియేటర్ సీట్ల మెత్తల్ని రాత్రిళ్ళు మోయించుకొచ్చి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, మోత ఎప్పుడు ఆగుతుందో గడియారంతో చూసేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్ళీ యథాస్థానంలో ఉండాలి.

ఇక్కడ మెత్తల పని పరుపులు కుట్టే ఆయనది. ఇంట్లో అటక మీదున్న బొంతలూ పాత పరుపులూ విప్పి, దూది ఏకుతున్నాడు. పెరడంతా తెల్లగా రేగుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే మీకు తుమ్ములే. గడ్డ కట్టిన దూది శబ్దాన్ని తాగదు, గాలి దూరే సందులుంటేనే తాగుతుంది. ఏకిన దూది మీద బోరాక్సూ బోరిక్ యాసిడూ కలిపిన నీళ్ళు చల్లి ఎండబెట్టారు, త్వరగా అంటుకోకుండా. ఇంత దూది, ఇన్ని కరెంటు వైర్లు ఒకే గదిలో పెట్టుకునేవాళ్ళు ఈ పని ఎగ్గొట్టడానికి వీల్లేదు. నాలుగంగుళాల లోతు చట్రాల్లో దూది నింపి, పైన గోనెగుడ్డ. అంతకు ముందు అమ్మాయి అందంగా ఉందని రెక్సిన్ తెచ్చింది. పెద్దాయన దాన్ని నోటికి ఆనించి ఊదమన్నాడు. ఊపిరి అవతలికి పోలేదు. గోనెకి పోయింది. ఊపిరి పోని గుడ్డలోంచి పైశ్రుతులూ పోవు, వెనక్కి తిరిగొస్తాయి.

తలుపు ఎక్కించే వేళకి అందరూ అక్కడే మూగారు. రెండు రెక్కల్నీ కలిపి ఒకటే చేశాడు మేస్త్రి, మధ్యలో రబ్బరు షీటు పెట్టి. నలుగురు పడితేగాని లేవలేదు. మూడు బందుల చోట ఐదు. అంచుల చుట్టూ తుక్కుకింద కొన్న కారు తలుపుల రబ్బరు బీడింగు. చిత్రిక పడతాడు, మూసి చూస్తాడు, తెరుస్తాడు, మళ్ళీ చిత్రిక. వెంట్రుకంత పొట్టు సుడులు తిరిగి రాలుతోంది. మూసేశాక అమ్మాయి అగరుబత్తి వెలిగించి అంచుల వెంట మెల్లగా తిప్పింది. పొగ పైన నిటారుగా లేచింది, పక్కలా నిటారుగానే. గడప దగ్గర ఒక్కసారిగా వంగి లోపలికి పారింది.

"అదుగో," అన్నాడు పెద్దాయన.

మేస్త్రి ఏమీ అనలేదు. బోర్లా పడుకుని, గడపకి కర్ర ముక్క ఒకటి ఏటవాలుగా చెక్కి అతికించాడు. తలుపు మూసినప్పుడు రబ్బరు దాని మీదికెక్కి నొక్కుకుంది. మళ్ళీ అగరుబత్తి. ఈసారి వంగలేదు.

ఇంత బిగించాక మనిషికి ఊపిరి ఎలాగ? దానికీ ఏర్పాటుంది. అటక మీద పలకలతో పొడుగాటి పెట్టె, లోపల మూడు మలుపులు, గోడలకి దూది. గాలి వంకర తిరిగి వస్తుంది, చప్పుడు ప్రతి మలుపులోనూ కొంత వదిలేసుకుంటుంది. సీలింగు ఫ్యాను లేదు. ఉంటే మైకు ముందు దాన్నే రికార్డు చేసుకోవాలి.

అమ్మాయి మైకు ముందు కూర్చుని ఒక పేజీ చదివింది. పెద్దాయన హెడ్‌ఫోన్లు మీకిచ్చాడు. గొంతుకి దగ్గరగా, పెదవి విడిన చప్పుడు కూడా తెలిసేంత దగ్గరగా ఉన్నారు మీరు. ఇంతలో అడుగున ఏదో కదిలింది. గూడ్సు. బాగా సన్నగిల్లింది గానీ పూర్తిగా పోలేదు. పెద్దాయన 80 హెర్ట్జ్ కింద కోసేసే మీట నొక్కాడు. రైలు మాయం, గొంతు చెక్కుచెదరలేదు.

"మరి నా తొప్పి మాటో?" అన్నాడు తమ్ముడు, మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని. ఎడమ వైపు గుంభనంగా పలికే ఆ నాదం ఆ మీటతో చాలా వరకు కొట్టుకుపోతుంది.

"నీ తొప్పికి కోత పనికిరాదు. రైలు పోయాకే వాయించుకోవాలి."

మేస్త్రి ఉలులూ బాడిసా సంచిలో సర్దుకుంటూ, కూలి బాకీ ఎంతో గుర్తుచేసి, "గూడ్సుకి టైమంటూ ఏడిస్తే కదండీ!" అన్నాడు.