స్కర్వీ వ్యాధి – నౌకాదళము నేర్చిన పాఠము

స్కర్వీ వ్యాధి ఏ విటమిను లోపం వల్ల కలుగుతుంది? సైనిక విద్యాలయాల ప్రవేశ పరీక్షలకు చదివే విద్యార్థి ఈ ప్రశ్నకు 'సి' అని క్షణంలో జవాబు వ్రాస్తాడు. ఆ ఒక్క అక్షరం తెలియడానికి మాత్రం సుమారు రెండు శతాబ్దాలు పట్టింది.

పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు ఎండు రొట్టె, ఉప్పువేసిన మాంసం ముఖ్యమైన ఆహారంగా ఉండేవి. కొంతకాలానికి చిగుళ్ళు వాచి నెత్తురు కారేవి, పళ్ళు కదిలేవి, మానిన పాత గాయాలు సైతం మరల విచ్చుకొనేవి. 1740లో ఆన్సన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి బయలుదేరిన సుమారు 1,900 మందిలో 1,400 మంది వరకు మరణించారు. వారిలో శత్రువుల చేత చచ్చినవారు బహు కొద్దిమంది. తక్కినవారిని చంపినది రోగాలే. వాటిలో ముఖ్యమైనది స్కర్వీ.

1747 మే నెలలో సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు ఒక ప్రయోగం చేశాడు. పన్నెండుగురు రోగులను ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేసి, అందరికీ ఒకే భోజనం పెట్టి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఆపిల్ పండ్ల సారాయి, నీరు కలిపిన గంధకామ్లం, వినిగరు, సముద్రపు నీరు, వెల్లుల్లి ఆవాలు చేర్చిన ముద్ద – ఇవి అయిదు జట్లకు. ఆరవ జట్టుకు దినానికి రెండు నారింజలు, ఒక నిమ్మపండు. ఆరు దినాలకే పండ్లు అయిపోయినవి. అయినా ఆ ఇద్దరిలో ఒకడు పనిలోకి వెళ్ళగలిగాడు. రెండవవాడు తక్కిన రోగులకు సేవ చేయడానికి లేచాడు.

మందు దొరికింది గాని, అది ఎందుకు పనిచేసినదో లిండుకు తెలియదు. పండ్లరసాన్ని కాచి చిక్కబరచి నిలవ చేయమన్నాడు. ఆ కాచడంలోనే గుణం నశించేది. 1795లో గిల్బర్ట్ బ్లేన్ మొదలైనవారి కృషి వల్ల నౌకాదళంలో నిమ్మరసం నియమంగా ఇవ్వసాగారు. తరువాత 1860 ప్రాంతాన లెమన్ అనే పెద్ద నిమ్మకు బదులు వెస్టిండీసులోని లైమ్ అనే చిన్న నిమ్మను వాడారు. దాని రసం శక్తి నాలుగవ వంతు మాత్రమేనని మొదటి ప్రపంచయుద్ధకాలంలో గాని తేలలేదు.

ఆ యుద్ధంలో మెసపొటేమియాకు వెళ్ళిన భారతీయ సైనికులు 1916లో వేలకొద్దీ ఈ వ్యాధికి గురి అయ్యారు. ఎండు పప్పుదినుసులలో సి విటమిను దాదాపు లేదు. అవే గింజలు నానబెట్టి మొలకెత్తిస్తే అది పుట్టుతుంది. లండనులోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, ఆమె సహచరులు గినీ పందుల మీద పరీక్షించి ఈ సంగతి చూపారు. అధిక జంతువులు ఈ విటమినును తమ శరీరంలోనే తయారు చేసుకొంటాయి. మానవునికీ, గినీ పందికీ ఆ శక్తి లేదు. గినీ పందికి స్కర్వీ పుట్టించవచ్చునని నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిక్ 1907లోనే కనిపెట్టారు.

1928లో సెంట్‌ద్యోర్ద్యి వేరుచేసిన ఒక ఆమ్లమే సి విటమిను అని 1932లో స్థిరపడింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

చేతికందిన మందు మధ్యలో ఎందుకు జారిపోయింది? కారణం తెలియకపోవడం చేతనే. 'సి' అని వ్రాసే విద్యార్థి, కాచిన రసం ఎందుకు పనికిరాదో, మొలకెత్తిన పెసలు ఎందుకు పనికివస్తాయో కూడా చెప్పగలిగిననాడే ఆ జవాబు పూర్తి అవుతుంది.