పేరు మార్చుకున్న వాదం

"రెండు వాదాలూ చెప్పండి, ఏది నిజమో విద్యార్థులే తేల్చుకుంటారు" అనే మాట వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. సాహిత్యం పాఠం చెప్పుకునే నాబోటివాడికి ఇది మరీ రుచిస్తుంది. కవుల కాలనిర్ణయంలో పండితుల భిన్నాభిప్రాయాలన్నీ తరగతి ముందు పెట్టడం మాకు అలవాటే కదా! అయితే ఈ మాట అమెరికా పాఠశాలల్లో ఎవరి అవసరం కొద్దీ బలపడిందో పరిశీలించిన మీదట నా అభిప్రాయం మార్చుకోక తప్పలేదు.

సృష్టివాదులు మొదట కోరింది సమానత్వం కాదు, నిషేధం. మానవుడు నిమ్నజంతువుల నుంచి పుట్టాడని ప్రభుత్వ పాఠశాలల్లో బోధించడం నేరమని 1925లో టెనెసీ రాష్ట్రం శాసనం చేసింది. ఆ జూలైలోనే డేటన్ పట్టణంలో జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడికి 100 డాలర్ల జరిమానా పడింది. నేరానికి సాక్ష్యంగా నిలిచిన పాఠ్యగ్రంథం ఆ రాష్ట్రం ఆమోదించినదే కావడం విడ్డూరం! 1927లో పై కోర్టు సాంకేతిక లోపం చూపి శిక్షను రద్దు చేసిందే గాని చట్టాన్ని ముట్టుకోలేదు. అది 1967 దాకా బతికింది.

స్కోప్స్‌కు ఎదురు వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను వట్టి ఛాందసుడని తోసిపుచ్చడం తేలిక. కాని ఆయన గుత్తపెట్టుబడిని ఎదిరించి రైతుల పక్షాన మాట్లాడినవాడు. బలవంతుడిదే రాజ్యమనే దుర్నీతికి డార్విన్ పేరు వాడుకుంటున్నారని ఆయన భయపడ్డాడు. ఆ భయం అకారణం కాదు. అయినా దురన్వయానికి విరుగుడు సరైన అన్వయమే గాని ఉపాధ్యాయుడి నోరు మూయించడం కాదు.

ఆర్కన్సా రాష్ట్రంలోని ఇలాంటి నిషేధాన్నే 1968లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం మతాన్ని నెలకొల్పరాదన్న రాజ్యాంగ సూత్రం దానికి ఆధారం. నిషేధం చెల్లదని తేలిన తర్వాతనే సమానత్వం మాటకు గిరాకీ పెరిగింది. పరిణామం చెపితే "సృష్టిశాస్త్రం" కూడా చెప్పాలని 1981లో ఆర్కన్సా, లూసియానా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. మొదటిది 1982లోనూ, రెండోది 1987లో సుప్రీంకోర్టు ముందూ వీగిపోయాయి.

తర్వాతి ఘట్టం పాఠపరిష్కర్తలకు ఆసక్తి కలిగించేది. 2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ పాఠశాలల బోర్డు, పరిణామ సిద్ధాంతంలో లోపాలున్నాయనీ, "బుద్ధిపూర్వక రచన" అనే మరో వాదం చెప్పే పుస్తకం ఉందనీ విద్యార్థులకు చదివి వినిపించాలని నిర్ణయించింది. పదకొండుమంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆ పుస్తకం చిత్తుప్రతులు బయటికి వచ్చాయి. తత్త్వశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ఫారెస్ట్ వాటిని సరిపోల్చి సాక్ష్యం చెప్పారు. 1987 తీర్పు తర్వాత సృష్టికి సంబంధించిన పదాలు సుమారు 150 చోట్ల మాయమై, వాటి స్థానంలో కొత్త పేరు చేరింది. ఒక ప్రతిలోనైతే దిద్దుబాటు తొందరలో పాత పదం తల ఒక పక్కా తోక ఒక పక్కా మిగిలి, నడుమ కొత్త పదం ఇరుక్కుంది! తాళపత్రాల్లో లేఖకప్రమాదం మూలప్రతి జాడ చెప్పినట్టే ఇదీ చెప్పింది. 2005 డిసెంబరులో బోర్డు ఓడిపోయింది.

తరగతి గదిలో రెండు పక్షాలకు చోటు ఉండవలసిందే. కాని ఆ చోటును సాక్ష్యంతో సంపాదించుకోవాలి. కాలనిర్ణయంలో పండితుడు శాసనం చూపి వాదిస్తాడు. ఈ వాదం చట్టసభ చేత శాసనం చేయించుకుని వచ్చింది. ఆ రెండు శాసనాలూ ఒకటి కావు.

ఇది పరాయిదేశపు ముచ్చట అనుకోవద్దు. 2023లో మన జాతీయ విద్యాపరిశోధన మండలి పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తీసివేసింది. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు సంతకాలతో నిరసన తెలిపారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉందన్నది సమాధానం. నిజమే. కాని పదితో జీవశాస్త్రం వదిలేసే పిల్లల మాటేమిటి? అక్కడ రెండో వాదాన్ని చేర్చాలని పోరాడారు. ఇక్కడ ఏ వాదమూ చేర్చకుండానే ఉన్న పాఠం పోయింది. దాన్ని అడగవలసిన బాధ్యత సైన్సు మేష్టార్లది మాత్రమే కాదు, మనది కూడా.