అరుగు బడి నుంచి పాండవుల గుట్ట దాకా



సైన్సు అనగానే మనలో చాలామందికి గాజు గొట్టాలూ, తెల్లకోట్లూ, తాళంవేసి ఉండే లాబొరేటరీ గదీ గుర్తుకొస్తాయి. అది బడిలో పంతులుగారు చెప్పవలసిన చదువనీ, వంటింటికీ దానికీ పొత్తు కుదరదనీ ఒక అభిప్రాయం ఎప్పటినుంచో మనలో పాతుకుపోయింది. ఇటీవల కొన్ని కుటుంబాలవారు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకొంటున్నారు. పరీక్షలు రాయడానికి 1989లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ సార్వత్రిక పాఠశాల ఉండనే ఉంది. ఆ తల్లులు పిల్లలచేత మొక్కలు నాటించడం, పురుగుల్ని పరిశీలింపజేయడం, గుట్టలూ చెరువులూ చూపించడం విని, ఇదేమి కొత్త వింత అని ముక్కున వేలేసుకొనేవాళ్లూ ఉన్నారు. ఇంతకూ ఇది కొత్తదేనా? ఆ సంగతి కాస్త వెనక్కి తిరిగి చూద్దాం.

మన తాతముత్తాతల కాలంలో బడి అంటే వీధి అరుగే. పంతులుగారు అరుగుమీద కూర్చొనేవారు, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకొనేవారు. 1823లో బళ్లారి కలెక్టరుగా ఉన్న క్యాంబెల్ దొర తన జిల్లాలోని ఇలాంటి బడులన్నీ లెక్క తీయించాడు. ఇవాళ్టి అనంతపురం ప్రాంతమంతా అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు ఎందరనుకొన్నారు? 60 మంది. నూటికి ఒక్కరైనా లేరన్నమాట!

మరి మిగతా ఆడపిల్లలు ఏమీ నేర్చుకోలేదా? నేర్చుకొన్నారు. వాళ్లకు ఇల్లే బడి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని తెలియని ఇల్లాలు ఉందా? కుంకుడు రసం నురగ మురికిని ఎలా వదిలిస్తుందో తెలియని తల్లి ఉందా? మృగశిర కార్తె వచ్చిందంటే ఏ విత్తనం తీయాలో, ఆరుద్ర పురుగు వాకిట్లోకి వచ్చిందంటే వాన ఎంత పడిందో వాళ్లకు పంచాంగం చూడకుండానే తెలిసేది. మన తెలంగాణ పల్లెల్లో బతుకమ్మ పండుగ నాటికి పదేళ్ల పిల్ల కూడా తంగేడు ఎక్కడ పూస్తుందో, గునుగు ఏ చేను గట్టున దొరుకుతుందో, కట్లపువ్వు ఎంతసేపటికి వాడిపోతుందో చెప్పగలిగేది. పువ్వులను రంగుల ప్రకారం, పరిమాణం ప్రకారం వేరుచేసి సిబ్బిలో వరుసలుగా పేర్చడమంటే ఏమిటి? వృక్షశాస్త్రజ్ఞులు వర్గీకరణ అని పేరుపెట్టిన పనికి అది మొదటిమెట్టే గదా!

అయితే ఈ ఇంటి చదువులో ఒక పెద్ద లోటుంది. అది చెప్పకుండా మన అమ్మమ్మల గొప్పలే చెప్పుకొంటే సత్యదూరమవుతుంది. ఆ చదువులో "ఇలా చెయ్యి" అని చెప్పేవారేగాని "ఇలా ఎందుకవుతుంది?" అని అడగనిచ్చేవారు కాదు. పసుపు ఎందుకు ఎర్రబడిందని పిల్ల అడిగితే, "ఆడపిల్లకు అంత ఆరా ఎందుకు, పని కానీ" అనేవారు. చేతికి విద్య ఉంది, నోటికి ప్రశ్న లేదు. బడి దొరకకపోవడం ఒక నష్టమైతే, ప్రశ్న నోట్లోనే ఆగిపోవడం అంతకంటే పెద్ద నష్టం. ఈ రెండు నష్టాలనూ ఇంట్లో కూర్చొనే పూడ్చుకొన్న ఒక తెలుగు స్త్రీ కథ మనందరమూ తెలుసుకోదగ్గది.

ఆమె బండారు అచ్చమాంబగారు. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్లకే పెళ్లయింది. బడి ముఖం చూడలేదు. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకు కాపురానికి వెళ్లినప్పుడు తల్లినీ తమ్ముణ్ణీ కూడా తన దగ్గరే ఉంచుకొన్నారు. తనకంటే మూడేళ్లు చిన్నవాడైన ఆ తమ్ముడు నాగపూరులో చదువుకొంటూ, తాను నేర్చిన తెలుగూ హిందీ అక్కకు చెప్పాడు. ఆ పునాదిమీద ఆమె మరికొన్ని భాషలు నేర్చుకొని, 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" అనే గ్రంథం వెలువరించారు. ఆడవాళ్లు చదువుకు తగరనే మాటకు, చదివిన స్త్రీల చరిత్రలే జవాబుగా చూపించారు. 1905లో, ముప్పయ్యేళ్లకే ఆమె కన్నుమూశారు.

ఆ తమ్ముడెవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు! 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిసింది. 1906లో లక్ష్మణరావుగారూ మిత్రులూ హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమాల స్థాపించారు. చరిత్రలతోపాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానం తెలుగులో అచ్చువేయించి ఇళ్లకు పంపారు. ఇంగ్లీషు రానివారికి కూడా సైన్సు అందాలన్నదే దాని ఉద్దేశం. అక్కకు ఇంట్లో పాఠం చెప్పిన తమ్ముడు పెద్దయ్యాక తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ పాఠం చెప్పబూనాడంటే, ఆ మొదటి బడి ఎంత పనిచేసిందో ఊహించుకోండి.

ఇదే కాలంలో ఇతర దేశాల్లోనూ ఇలాంటి ఆలోచనే సాగింది. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఉపాధ్యాయిని, తల్లులకు తానిచ్చిన ఉపన్యాసాలను 1886లో పుస్తకంగా వేసింది. చిన్నపిల్లల్ని రోజూ ఆరుబయట తిరగనివ్వాలనీ, చూసినదాన్ని వాళ్ల మాటల్లో చెప్పించాలనీ ఆమె బోధ. అమెరికాలో అన్నా కామ్‌స్టాక్ 1911లో ప్రకృతి పరిశీలన మీద పెద్ద గ్రంథమే రాసింది. పెరట్లో కనిపించే పక్షీ, పురుగూ, కలుపుమొక్కా అందులో పాఠాలే. మన రవీంద్రనాథ్ ఠాగూరుగారి సంగతి చూడండి. బడి ఆయనకు గిట్టలేదు. 1873లో తండ్రి దేవేంద్రనాథులు ఆయన్ని హిమాలయాల్లోని డల్హౌసీకి తీసుకెళ్లి, రాత్రిపూట నక్షత్రాలు చూపించి ఖగోళం చెప్పారు. ఆ రుచి ఆయన్ని విడిచిపెట్టలేదు. 1937లో పిల్లలకోసం, సామాన్యులకోసం విశ్వాన్ని పరిచయం చేస్తూ ఒక సైన్సు పుస్తకమే రాశారు.

తెలుగు ఇళ్లకు ఈ గాలి రేడియోద్వారా కూడా వచ్చింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారూ, అక్కయ్య కామేశ్వరిగారూ 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, పిల్లలకు మాట్లాడే ధైర్యం నేర్పారు. 1988లో జనవిజ్ఞాన వేదిక ఏర్పడింది. వారి పిల్లల పత్రిక పేరు "చెకుముకి". రాయికి ఉక్కు తగిలితే నిప్పురవ్వ పుడుతుంది. పిల్లకు ప్రశ్న తగిలినా అంతే!

ఇక మన వరంగల్లు వైపుకే వద్దాం. పరకాల దాటి భూపాలపల్లి వెళ్లే దారిలో రేగొండ ఉంది. ఆ మండలంలోనే పాండవుల గుట్ట. సెలవులకు పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్లాలని తంటాలుపడే మనకు, ఇంతకు మించిన పాఠ్యపుస్తకం ఏముంటుంది? ఈ గుట్టలు ఇసుకరాతివి. హిమాలయాలకంటే పాతవని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. తెలంగాణలో భూవారసత్వ స్థలంగా మొదట గుర్తింపు పొందింది ఇదే. ఇక్కడి గుహల్లో, బండల నీడన ఉన్న ప్రాచీన చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిమృగాలూ, విల్లమ్ములూ, రకరకాల గుర్తులూ ఎరుపు, తెలుపు, పసుపు వంటి రంగుల్లో కనిపిస్తాయి.

అక్కడ పిల్లలు మొదట అడిగేది, "ఇవి పాండవులు వేశారా?" అని. వాళ్ల నోరు మూయించకండి. అడవుల్లో తిరిగిన పాండవులు ఇక్కడ తలదాచుకొన్నారని తరతరాలుగా చెప్పుకొనే కథ చెప్పండి. పాండవుల బొమ్మలున్న గుహ కూడా చూపించండి. ఆ తరువాత, ఈ చిత్రాలన్నీ ఒక్కసారి వేసినవి కావనీ, కొన్ని మధ్యశిలాయుగం నాటివైతే కొన్ని ఎంతో తరువాతి కాలంవనీ పండితులు తేల్చిన సంగతీ చెప్పండి. కథ ఏదో, ఆధారం ఏదో వేరుచేసి చూడటం నేర్చిన పిల్ల, కథను తక్కువ చేయదు, ఆధారాన్ని విడిచిపెట్టదు.

ఆ ఎర్రరంగు మనకు కొత్తదా? అరుగులకూ గోడల అంచులకూ మన ఆడవాళ్లు పూసే జాజు ఆ జాతిదే. ఇనుము తుప్పుపడితే వచ్చే పదార్థమే దానికి రంగునిస్తుంది. పసుపుపచ్చని మన్ను కొంచెం తెచ్చి, వంటకు వాడని పాత ఇనప పెనంమీద బాగా సెగ తగిలేలా వేయించి చూడండి. మన్నులో కలిసి ఉన్న నీరు పోయి, కొంతసేపటికి ఎర్రబడుతుంది. ప్రపంచంలో ఎన్నో చోట్ల ఆదిమానవులకు ఈ కిటుకు తెలుసు. నిప్పు దగ్గర పని పెద్దవాళ్లే చేయాలి సుమా!

ఇసుకరాయి ఎలా పుట్టిందో చూపడానికి ఒక గాజుసీసా చాలు. అందులో పిడికెడు ఇసుక, పిడికెడు చేనిమన్ను వేసి, నీళ్లుపోసి గిలకొట్టి పక్కన పెట్టండి. ముతక ఇసుక ముందు అడుగుకు చేరుతుంది, సన్నటి బంకమన్ను చివరికి పైన పొరగా పేరుకొంటుంది. నీళ్లు మోసుకొచ్చిన ఇసుక ఇలాగే పొరలు పొరలుగా పడి, లక్షల ఏళ్లు అణిగి రాయి అయింది. గోదావరి లోయలో ఇలాంటి పొరల్లోనే, యామనపల్లి దగ్గర, దాదాపు 18 కోట్ల ఏళ్లనాటి ఒక రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు 1988లో దానికి కోటసారస్ అని పేరుపెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉంది. రేగొండకు ఇంకోవైపున పాలంపేటలో, 1213లో కట్టిన రామప్పగుడి శిఖరానికి నీటిమీద తేలేటంత తేలిక ఇటుకలు వాడారని మీరు వినే ఉంటారు. మట్టిలో ఊకలాంటిది కలిపి కాలిస్తే, అది కాలిపోయి లోపల ఖాళీలు మిగులుతాయి, ఇటుక తేలికవుతుంది. ఇదికూడా ఇంటి దగ్గర చేసి చూడదగ్గదే.

వానాకాలంలో ఆరుద్ర పురుగు కనిపిస్తే, దాని కాళ్లు లెక్కపెట్టమనండి. చీమకు ఆరు, దీనికి ఎనిమిది! పేరుకు పురుగేగాని, ఇది సాలెపురుగుకు చుట్టం. చూశాక దాన్ని మళ్లీ నేలమీదే వదిలెయ్యమనండి. పసుపూ సున్నం కలిసిన ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండి, రంగు మళ్లీ ఎలా మారుతుందో చూపండి. చూసిన ప్రతిదీ తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయించండి, బొమ్మ గీయించండి. బొమ్మ బాగుండకపోయినా ఫరవాలేదు, చూసింది చూసినట్టు ఉంటే చాలు. జవాబు మనకు తెలియకపోతే, "కనుక్కొందాం" అనడంలో తల్లికి చిన్నతనమేమీ లేదు.

ఒక మాట మరిచిపోకండి. గుట్టమీది బొమ్మల్ని చేత్తో తడమనివ్వకండి, స్పష్టంగా కనిపించాలని నీళ్లు చల్లనివ్వకండి, పేర్లు చెక్కనివ్వకండి. వేల ఏళ్లు నిలిచిన రంగు ఒక్క సెలవుదినంలో పోగలదు.

పిల్లల్ని బడికి పంపాలా, ఇంట్లోనే చదివించాలా అన్నది ఎవరి వీలునుబట్టి వారు తేల్చుకోవలసిన విషయం. బడికి వెళ్లే పిల్లకైనా సాయంత్రం ఇల్లే గదా రెండో బడి! 1823లో అరుగు బడికి వచ్చిన 60 మంది ఆడపిల్లల లెక్క మనకు దక్కింది. రాని వేలమంది ఏమి అడగాలనుకొన్నారో ఏ కలెక్టరూ రాసిపెట్టలేదు. మన ఇంట్లో పిల్ల ఇవాళ అడిగే ప్రశ్నను మాత్రం మనం వినవచ్చు, నోటుబుక్కులో రాయించవచ్చు. పని తొందరలో ఉన్నా సరే, దాన్ని తోసిపుచ్చకండి.