స్వయం విధిత నిషేధం: అకితా తీరంలో హతహత చేపల వేట

జపాన్‌లోని హోన్షూ ద్వీపపు ఉత్తర భాగంలో, జపాన్ సముద్రాన్ని ఆనుకొని అకితా ప్రిఫెక్చర్ ఉంది. అక్కడి చలికాలపు జీవనం 'హతహత' అనే చిన్న చేపతో ముడిపడి ఉంది. పొలుసులు లేని ఈ చేప ఏడాదిలో అధికభాగం లోతైన చల్లని నీటి అడుగున ఉంటుంది. నవంబరు చివర నుండి డిసెంబరు వరకు గుడ్లు పెట్టడానికి తీరంలోని నాచు దుబ్బుల వద్దకు గుంపులుగా వస్తుంది. అది ఉరుముల కాలం కనుక దీనికి 'ఉరుము చేప' అనే పేరు కూడా ఏర్పడింది. వేట కొద్ది వారాలే సాగినా, ఉప్పులో ఊరవేసిన చేప, దానితో చేసే 'షొత్సురు' అనే రసం చలికాలమంతా ఇంటి అవసరాలు తీర్చేవి.

1960ల నుండి 1970ల మధ్య వరకు అకితాలో ఏటా 10 వేల టన్నులకు మించి హతహత దొరికేది. 1991 నాటికి అది సుమారు 70 టన్నులకు పడిపోయింది. ఈ స్థితిలో 1992 సెప్టెంబరు నుండి మూడేళ్లపాటు వేటను పూర్తిగా నిలిపివేయాలని మత్స్యకారుల సహకార సంఘాలే తీర్మానించుకున్నాయి. ఆ నిర్ణయ స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

దీనిని కేవలం పర్యావరణ స్పృహగా వ్యాఖ్యానించడం అసమగ్రం. చేపల గుంపులకు ప్రిఫెక్చర్ సరిహద్దులు లేవు. అకితావారు వలలు మడిచిపెట్టినంత మాత్రాన పొరుగు ప్రిఫెక్చర్లవారు వేట మానవలసిన నిర్బంధం లేదు. తీరంలో వలలు కట్టేవారికీ, లోతు నీటిలో అడుగు వలలు లాగేవారికీ ప్రయోజనాలు వేరు. అందువల్ల ఈ నిషేధంలో అసలు సమస్య చేపల సంఖ్య కాదు, పరస్పర విశ్వాసం. తాము వదిలిన చేపను ఇతరులు పట్టుకుపోరన్న హామీ లేకుండానే వారు మూడు చలికాలాల ఆదాయాన్ని వదులుకున్నారు.

1995లో వేట తిరిగి మొదలైనప్పుడు మొత్తం వేటకు పరిమితి విధించి, దానిని తీర, దూర జలాల మత్స్యకారుల మధ్య పంచారు. 1999లో అవొమొరి, అకితా, యమగత, నీగత ప్రిఫెక్చర్లు చిన్న చేపలను పట్టరాదని ఒప్పుకున్నాయి. ఒక ప్రాంతపు త్యాగం పొరుగువారినీ కలుపుకొన్న నియమంగా విస్తరించింది. 2004లో అకితా దిగుబడి 3 వేల టన్నులు దాటింది.

ఇటీవలి సంవత్సరాలలో దిగుబడి మళ్లీ తీవ్రంగా క్షీణించింది. సముద్ర జలాలు వేడెక్కడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. వలలను కట్టడి చేయగల ఒడంబడిక నీటి ఉష్ణోగ్రతను కట్టడి చేయలేదు. అయినా 1992 నాటి తీర్మానం విలువ దీనితో తగ్గదు. ఉమ్మడి వనరుపై ఆధారపడినవారు తమ వేటను తామే నియంత్రించుకోగలరని అది నిరూపించింది. ఆ నియంత్రణ పరిధి ఎక్కడ ముగుస్తుందో నేటి క్షీణత తెలియజేస్తోంది.