కారులోని ఇంధనమార్గము: లోపము ఎవరిది? ఖర్చు ఎవరిది?

మోటారుకారులో పెట్రోలు టాంకీనుండి ఇంజనువరకు గల దూరము కొద్ది గజములు మాత్రమే. ఆ కొద్దిదూరము పెట్రోలును క్షేమముగా చేర్చుట ఎట్లు అను ప్రశ్న ఇంజనీర్లను నూరేండ్లకు పైగా వేధించినది. ఆ దారిలో లోపమేర్పడినపుడు దానిని సరిచేయు ఖర్చు కారు కొన్నవాడు భరించవలెనా, తయారు చేసినవాడు భరించవలెనా అనునది మరియొక ప్రశ్న. మొదటిదానికి సమాధానము పంపులలో దొరకినది. రెండవదానికి శాసనములు చేయవలసి వచ్చినది.

1908లో వెలువడిన ఫోర్డు కంపెనీవారి 'మోడల్ టి' కారునకు పెట్రోలు పంపే లేదు. టాంకీ ముందుసీటు క్రింద ఉండెడిది. పెట్రోలు తన బరువుచేతనే కార్బ్యురేటరులోనికి దిగెడిది. నీరు పల్లమెరుగునన్న సామెత పెట్రోలునకును వర్తించును గదా! నిటారైన గుట్ట ఎక్కునపుడు కారు ముందుభాగము పైకి లేచును. అపుడు టాంకీలో పెట్రోలు తక్కువగా నున్నచో అది కార్బ్యురేటరునకు అందక ఇంజను ఆగిపోయెడిది. అనుభవజ్ఞులైన చోదకులు కారును వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో గుట్ట నెక్కించెడివారు.

తరువాత ఇంజను ప్రక్కనే అమర్చిన డయాఫ్రము పంపు వచ్చినది. అది పెట్రోలును టాంకీనుండి పీల్చుకొనును. పీల్చుట యనగా గొట్టములో పీడనమును తగ్గించుటయే. పీడనము తగ్గిన ద్రవము తక్కువ ఉష్ణోగ్రతవద్దనే మరుగునని పాఠశాలలో చదువుకొందుము. ఎండ వేడికి ఇంజను వేడి తోడగుటచే గొట్టములోని పెట్రోలు ఆవిరి యగును. పంపు ద్రవమునకు మారుగా ఆవిరిని మ్రింగి నిస్సహాయ మగును. దీనికే వేపర్ లాక్ అని పేరు. అంబాసిడరు కార్ల కాలమున డ్రైవర్లు వేసవిలో పంపుపై తడిగుడ్డ కప్పుట పెద్దలకు తెలిసిన సంగతియే. ఆ తడిగుడ్డ వెనుక భౌతికశాస్త్రమున్నది.

కార్బ్యురేటరు స్థానమున ఇంజెక్షను పద్ధతి వచ్చినపిదప పెట్రోలును సుమారు మూడు వాతావరణముల పీడనముతో పంపవలసి వచ్చినది. పీల్చుటకంటె నెట్టుట మేలని గ్రహించి, విద్యుత్ పంపును టాంకీలోనే ముంచి యుంచిరి. పెట్రోలులో మునిగిన మోటారు వలన నిప్పంటుకొనదా యని విద్యార్థి అడుగవచ్చును. టాంకీలోని ఆవిరి మిక్కిలి చిక్కనిది. మండుటకు చాలినంత ప్రాణవాయువు అందుండదు. పైగా ప్రవహించు పెట్రోలే మోటారును చల్లబరచుచుండును.

ఇక రెండవ ప్రశ్న. 1965లో రాల్ఫ్ నాడర్ అను యువ న్యాయవాది కార్ల నిర్మాణలోపములను ఎండగట్టుచు ఒక గ్రంథము ప్రచురించెను. అమెరికాలో గొప్ప అలజడి కలిగినది. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సన్ మోటారు వాహనముల భద్రతా శాసనముపై సంతకము చేసెను. ప్రమాదకరమైన లోపము బయటపడినచో కంపెనీ ఆ సంగతి యజమానులకు తెలుపవలెనని శాసనము. అయితే ఉచితముగా బాగుచేయవలెనని అందు లేదు! నీ కారులో ప్రమాదమున్నదని జాబు వ్రాసి, మరమ్మతునకు సొమ్ము నిన్నే పెట్టుకొమ్మనుట చట్టసమ్మతమే. ఈ వింత 1974 సవరణతో తొలగినది. ఉచిత మరమ్మతు హక్కు మొదట 8 ఏండ్ల వయసుగల కార్లవరకు ఉండెను. 2000లో 10 ఏండ్లకు, 2015లో 15 ఏండ్లకు పెరిగినది.

ఈ చరిత్రలో ఎక్కువగా చెప్పుకొనబడు కారు ఫోర్డువారి 'పింటో'. 1970లో అమ్మకమునకు వచ్చిన ఈ చిన్నకారులో పెట్రోలు టాంకీ వెనుక ఇరుసునకు, వెనుక బంపరునకు మధ్య ఇరుకుగా నుండెను. వెనుకనుండి మరియొక వాహనము గ్రుద్దినచో టాంకీ ముందునకు జరిగి డిఫరెన్షియలు బోల్టులు దానిని చీల్చవచ్చును. పెట్రోలు పోయు గొట్టము ఊడిపోవచ్చును.

1977లో ఒక పత్రిక ఫోర్డు కంపెనీ లెక్కల కాగితమును బయటపెట్టినది. 1 కోటి 25 లక్షల వాహనములకు ఒక్కొక్కటికి 11 డాలర్ల చొప్పున మార్పు చేయుటకు 13 కోట్ల 75 లక్షల డాలర్లగును. చేయకున్న కలుగు నష్టము 180 మరణములు, అన్ని గాయములు, 2,100 కాలిన కార్లు కలిపి 4 కోట్ల 95 లక్షల డాలర్లే! ప్రాణమునకు వెల కట్టినది 2 లక్షల డాలర్లు. ఈ కాగితము పింటో టాంకీని గూర్చియే వ్రాయబడినదని అనేకులు నేటికిని చెప్పుచుందురు. అది సరికాదు. కారు బోర్లపడినపుడు పెట్రోలు కారకుండ చేయు కవాటమును గూర్చి, అమెరికాలోని వాహనములన్నిటిని దృష్టిలో నుంచుకొని వేసిన లెక్క అది. ప్రాణమునకు కట్టిన ఆ వెల సైతము ప్రభుత్వ భద్రతాసంస్థ ఇచ్చినదే. అంతమాత్రమున పింటో నిర్మాణము మంచిదని కాదు. చరిత్ర చెప్పువారు కాగితమును చదివి చెప్పవలెను.

1978 జూనులో ఫోర్డు కంపెనీ సుమారు 15 లక్షల కార్లను వెనుకకు రప్పించి, టాంకీకి, డిఫరెన్షియలునకు మధ్య ప్లాస్టిక్ కవచమును, పొడవైన గొట్టమును అమర్చ నిర్ణయించెను. దీనినే రీకాల్ అందురు. ఆగస్టులో ఇండియానా రాష్ట్రమున ఒక పింటోను వెనుకనుండి వ్యాను గ్రుద్దగా మంటలలో ముగ్గురు యువతులు మరణించిరి. రీకాల్ జాబు ఆ కుటుంబమునకు అందినది కొన్ని నెలల తరువాత. కంపెనీపై నరహత్యా నేరము మోపబడెను. 1980లో జ్యూరీ నిర్దోషియని తీర్పు చెప్పెను.

ఇటీవలి కథలో మంట లేదు. పంపులోని చిన్న ప్లాస్టిక్ చక్రమే కారణము. ఇంపెల్లరు అనబడు ఈ చక్రము పెట్రోలును నెట్టును. జపాను దేశపు డెన్సో కంపెనీ చేసిన కొన్ని పంపులలో ప్లాస్టిక్ సాంద్రత తక్కువగా నుండుటచే అది పెట్రోలును పీల్చి ఉబ్బెను. నానిన శనగగింజ ఉబ్బినట్లే. ఉబ్బిన చక్రము పంపు గోడను రాచుకొని బిగిసిపోవును. డాష్‌బోర్డుపై దీపము వెలుగును, ఇంజను తడబడును, లేదా రహదారిమధ్య ఆగిపోవును. 2020 జనవరిలో టొయోటా అమెరికాలో సుమారు 7 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించెను. పిదప ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినది. 2023 డిసెంబరులో హోండా అచట 25 లక్షలకు పైగా కార్లను పిలిచినది. ప్రకటనకు ముందే తన సొమ్ముతో పంపు మార్పించుకొన్నవాడు బిల్లు చూపినచో ఆ సొమ్ము తిరిగి పొందు ఏర్పాటు అచటి నియమములలో కలదు. బిల్లు పారవేసినవాని సంగతి వేరు.

మన దేశమున 2012లో వాహన నిర్మాతల సంఘము స్వచ్ఛంద నియమావళి నేర్పరచుకొనెను. 2020 జూనులో హోండా 65,651 కార్లను, జూలైలో మారుతి 1,34,885 వ్యాగన్ ఆర్, బలీనో కార్లను పెట్రోలు పంపు కొరకే పిలిచినవి. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 110-ఎ సెక్షను చేరినది. నియమములు 2021 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినవి. ప్రభుత్వము ఆజ్ఞాపించిన రీకాల్‌లో కంపెనీకి కోటి రూపాయలవరకు జరిమానా పడవచ్చును. ఇవి 7 ఏండ్లు దాటని వాహనములకే వర్తించును.

కారు తన రీకాల్ పట్టికలో నున్నదో లేదో చాసిస్ నంబరు చెప్పినచో కంపెనీవారు తెలుపుదురు. కారు చేతులు మారినపుడు మాత్రము కంపెనీ దగ్గర నున్న చిరునామా తరచు మొదటి యజమానిది. జాబు ఆ ఇంటికే పోవును.