తప్పు పిల్లాడిదా, పుస్తకానిదా?

పోయిన నెల మా టీమ్‌లోకి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. ఆమదాలవలస దగ్గర పల్లెటూరు వాడిది. మా వైపు వాడు కదా అని కాస్త ఎక్కువ అభిమానం చూపించి, "ముందు ఆ పేజీ చదువు, అందులో ఉన్నట్టు చేసుకుంటూ పో, రెండు గంటల్లో అయిపోతుంది" అని చెప్పి నా పనిలో నేను పడిపోయాను. ఆ పేజీ రాసింది నేనే లెండి. పైథాన్ కొత్తగా ముట్టుకునేవాళ్ళ కోసం 2021లో చాలా శ్రద్ధగా రాశాను (అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా).

రెండు రోజులయ్యాక వాడు మెల్లిగా నా దగ్గరకొచ్చి, "అన్నా, నాకే ఏదో తెలీట్లేదనుకుంటా. నాలుగోది కాడ ఆగిపోయింది. మా కాలేజీలో ఇయన్నీ సరిగ్గా సెప్పలేదన్నా" అన్నాడు. చూస్తే ఏముంది? నా ఉదాహరణలో డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ వాడాను. 2023 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.12లో దాన్ని పూర్తిగా తీసేశారు. తీసేస్తామని 2021లోనే ప్రకటించారు కూడా. నేను ఆ పేజీ వైపు మళ్ళీ తిరిగి చూడలేదు, అంతే. తప్పు నాది. రెండు రోజులు తనని తాను తిట్టుకున్నది మాత్రం వాడు.

ఆ రాత్రి నాకు మా కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. నీలం రంగు తెర, 1990ల మొదట్లో వచ్చిన టర్బో సి++ కంపైలర్, వాయిడ్ మెయిన్, ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్. ప్రతీ ప్రోగ్రామ్ మొదట్లో క్లియర్ స్క్రీన్. రికార్డు పుస్తకంలో అవే రాసి మార్కులు కొట్టేశాం. సి++ కి 1998లో ప్రమాణం వచ్చినప్పుడే ఆ ఐఓస్ట్రీమ్ చివరి "డాట్ హెచ్" పోయింది. నేను చదివింది అది జరిగిన పదిహేనేళ్ళకి పైన! మూడో సంవత్సరంలో సొంత లాప్‌టాప్‌లో కొత్త కంపైలర్ మీద అదే ప్రోగ్రామ్ కొడితే ఎర్రర్ల వాన కురిసింది. నేను కూడా అప్పుడు పుస్తకాన్ని అనుమానించలేదు. "మన బుర్ర ఇంతేరా" అనుకుని మూసేశాను. మొదటిసారి నేర్చుకునేవాడికి ఉండే అసలు ఇబ్బంది ఇదే. బాగా తెలిసినవాడికి పుస్తకం తప్పని ఇట్టే తెలిసిపోతుంది. కొత్తవాడికి మాత్రం పుస్తకం ఎప్పుడూ కరెక్టే.

సరే, ఇదంతా కంప్యూటర్ గొడవ అనుకోకండి. భాషకి రాసిన మొదటి పుస్తకం పాతబడిపోతే ఏమవుతుంది అనే విషయం మీద వందేళ్ళ కిందట పెద్ద యుద్ధమే జరిగింది. అది మొదలైంది కూడా మా ఉత్తరాంధ్రలోనే. ఆ భాష పైథాన్ కాదు, తెలుగు.

1858లో పరవస్తు చిన్నయసూరి గారి బాలవ్యాకరణం వచ్చింది. పేరులోనే "బాల" ఉంది, అంటే మొదలుపెట్టేవాళ్ళ కోసం అన్నమాట. వ్యాకరణంగా అది ఆషామాషీ పుస్తకం కాదు. అంత పొందిగ్గా సూత్రాలు రాయడం మాటలు కాదు. కాకపోతే ఆయన ముందు పెట్టుకున్నది పాత కావ్యాల భాష. నన్నయ, తిక్కనల తెలుగుకి అది చక్కటి మాన్యువల్. చిక్కు తర్వాత వచ్చింది. బళ్ళల్లో పిల్లల వాచకాలు కూడా ఆ సూత్రాల ప్రకారమే రాయడం మొదలుపెట్టారు. కథైనా, భూగోళమైనా, చరిత్రైనా అదే భాష. ఇంట్లో "ఆడు ఎల్లిపోనాడు" అనే పిల్లాడు బళ్ళో "వాఁడు పోయెను" అని రాయాలి. ఆ "వాఁడు" మధ్యలో ఉన్న అరసున్నని ఎవరూ పలకరు, ఎవరికీ వినపడదు. అయినా ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో బట్టీ పట్టాలి. మర్చిపోతే మొద్దబ్బాయి.

ఇక్కడ ఒక తమాషా చూడండి. తెలుగు నేర్చుకునే తెల్లవాళ్ళ కోసం ఏ.హెచ్. ఆర్డెన్ అనే మిషనరీ 1873లో ఇంగ్లీషులో ఒక తెలుగు వ్యాకరణం రాశాడు. అందులో పుస్తకాల రూపాలతో పాటు జనం మాట్లాడే రూపాలు కూడా ఇచ్చాడు. ఆ పుస్తకాన్ని తర్వాతివాళ్ళు సవరిస్తూ వచ్చారు, 1937లో కూడా దిద్దిన కూర్పు వచ్చింది. అంటే బయటినుంచి వచ్చినవాడికి అప్‌డేట్ చేసిన పుస్తకం దొరికింది. మన పిల్లలకి మాత్రం ఏ మార్పూ లేని పుస్తకం మిగిలింది. కారణం ఊహించడం కష్టం కాదు. తెల్లదొరకి రేపు కచేరీలోనో, సంతలోనో మాట్లాడవలసిన అవసరం ఉంది, పుస్తకం పని చెయ్యకపోతే వెంటనే తెలిసిపోతుంది. మన పిల్లాడికి ఉన్నది పరీక్ష. పరీక్ష కూడా అదే పుస్తకం లోంచి వస్తుంది కాబట్టి పుస్తకం తప్పని ఎప్పటికీ బయటపడదు. మా ల్యాబ్‌లో టర్బో సి++ అన్నేళ్ళు బతికింది కూడా ఇందుకే!

చివరికి తేడా పట్టుకున్నది కూడా బయటివాడే. జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఇటువైపు జిల్లాల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. ఆయన తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో తెలుగు ఒకటి, వీధిలో తెలుగు ఇంకొకటిగా ఎందుకుందని అడగడం మొదలుపెట్టాడు. ఇది 1906–07 ప్రాంతంలో. ఆ ప్రశ్న ముగ్గురిని కదిపింది. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి.

గురజాడ గారి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని 1909లో దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాసి మళ్ళీ వేశారు. రాసిన దాన్ని మళ్ళీ విప్పి చూడ్డానికి భయపడని మనిషి.

గిడుగు గారిది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. 1863 ఆగస్టు 29న పుట్టారు. విజయనగరంలో మహారాజా వారి బళ్ళో చదువుకున్నారు, గురజాడ అక్కడ సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో మేష్టారుగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలుంటారు. వాళ్ళ భాష నేర్చుకుందామంటే పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని పట్టుకుని, విని, రాసుకుని, మళ్ళీ విని నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, వాళ్ళకి బడి పెట్టి సొంత డబ్బుతో నడిపారు. 1931లో ఇంగ్లీషులో సవర భాషకి మాన్యువల్, 1938లో నిఘంటువు వచ్చాయి. దశాబ్దాల పని అది.

నా లెక్క ప్రకారం గిడుగు వారికి అసలు పాఠం నేర్పింది సవర భాషే. దానికి నన్నయ లేడు, చిన్నయసూరి లేడు. ఒక మాట తప్పా ఒప్పా తేల్చుకోవాలంటే మాట్లాడే మనిషి దగ్గరకి వెళ్ళి అడగడం ఒక్కటే దారి. ఆ చెవితో వెనక్కి తిరిగి తెలుగు వాచకాన్ని చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. కొండమీద సవర పిల్లాడికి వాళ్ళింటి భాషలో పుస్తకం, శ్రీకాకుళంలో తెలుగు పిల్లాడికి ఎవరింట్లోనూ లేని భాషలో పుస్తకం!

1910ల మొదట్లో వీళ్ళు కొంత గెలిచారు. స్కూల్ ఫైనల్ పరీక్షలో ఆధునిక తెలుగులో కూడా రాయొచ్చని అనుమతి వచ్చింది. దాంతో పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు గారు ముందుండి 1911లో పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదురు నిలబడింది. 1914లో మద్రాసు యూనివర్సిటీకి గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. అయినా అనుమతి వెనక్కి పోయింది. 1915 నవంబర్‌లో గురజాడ కూడా పోయారు.

పండితుల వాదన ఉత్త మొండితనం అని కొట్టిపారేస్తే అన్యాయం. వాడుక భాష అంటున్నారు, ఎవరి వాడుక? శ్రీకాకుళం వాడిదా, నెల్లూరు వాడిదా? రేపు అదీ మారితే మళ్ళీ పుస్తకాలు మారుస్తారా? పిల్లలకి పాత కావ్యాలు అర్థం కాకుండా పోతే ఎవరు పూచీ? మా పనిలో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్నలు కొత్తవి కాదు. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని భయపడి 2008లో వచ్చిన పైథాన్ 3 పక్కనే పైథాన్ 2 ని 2020 జనవరి 1 దాకా బతికించారు. ఆ పదకొండేళ్ళూ ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేని పాత పుస్తకాలు పట్టుకుని కొత్తవాళ్ళు తిప్పలు పడ్డారు. చివరికి భాషే దయ తలచి, ప్రింట్‌కి బ్రాకెట్లు మర్చిపోయారని ఎర్రర్‌లోనే చెప్పడం మొదలుపెట్టింది.

గిడుగు వారు జవాబు చెప్పిన పద్ధతి నాకు భలే ఇష్టం. పాతవి చదవొద్దని ఆయన అనలేదు. పాత కావ్యాలు చదవండి, రాసేటప్పుడు మాత్రం చదువుకున్నవాళ్ళు నోటితో మాట్లాడే తెలుగు రాయండి అన్నారు. తర్వాత సభ సభకీ తిరిగి, గ్రాంథికమే రాయాలనే పండితుల పుస్తకాలు తెరిచి, వాళ్ళ వాక్యాలని వాళ్ళ సూత్రాలతోనే పరీక్ష పెట్టారు. మీ వ్యాకరణం ప్రకారం మీరే తప్పులు లేకుండా రాయలేకపోతుంటే పదేళ్ళ పిల్లాడు ఎలా రాస్తాడన్నది ఆయన ప్రశ్న. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే పుస్తకంలో ఈ పని వరసపెట్టి చేశారు. 1919లో తెలుగు అనే పత్రిక కూడా పెట్టారు.

పైథాన్‌లో డాక్‌టెస్ట్ అని ఒకటుంది, 2001లో వెర్షన్ 2.1 తో వచ్చింది. డాక్యుమెంటేషన్‌లో రాసిన ఉదాహరణల్ని అదే నడిపి చూసి, రాసిన జవాబు రాకపోతే అరుస్తుంది. గిడుగు వారు చేసింది చేత్తో చేసిన డాక్‌టెస్ట్. పుస్తకం చెప్పింది పుస్తకంలోనే పని చేస్తోందా లేదా అని చూడడం. ఏ మాన్యువల్ రాసినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. మనం మాత్రం భాష అందంగా ఉందా, అచ్చుతప్పులు ఉన్నాయా అని చూసి వదిలేస్తాం.

ఆయన బతికుండగా పాఠ్యపుస్తకాలు మారలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే, యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టిన రోజే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు వేదికల మీద చాలామంది ఆయన వద్దన్న తెలుగులోనే ఆయన్ని పొగుడుతారనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చివరికి పుస్తకాల్లోకి వచ్చిన శిష్ట వ్యావహారికం ఎక్కువగా గోదావరి, కృష్ణా జిల్లాల చదువుకున్నవాళ్ళ తెలుగు. పోరు మొదలుపెట్టింది మా వైపు, మా "ఏటి", మా "వచ్చీసేడు" మాత్రం ఇప్పటికీ పుస్తకంలో లేవు. హైదరాబాద్‌లో హాస్టల్లో చేరిన మొదటి వారం నేను "ఏటి" అంటే గదంతా నవ్వింది. అప్పుడూ తప్పు నాదే అనుకున్నాను.

అందుకే ఆ కుర్రాణ్ణి పిలిచి, "ఆ పేజీ నువ్వే మళ్ళీ రాయి" అన్నాను. "నాకేటొచ్చన్నా!" అన్నాడు. ఎక్కడ ఆగిపోతారో గుర్తున్నవాడివి ఇక్కడ నువ్వొక్కడివే, మాకందరికీ మర్చిపోయి చాలా కాలమైంది అని చెప్పాను. రాశాడు. నేను ఉదాహరణలన్నిటికీ టెస్టులు పెట్టి రోజూ రాత్రి నడిచేలా చేశాను. కొత్త పైథాన్ వచ్చి ఏదైనా విరిగితే మెయిలు నాకు వస్తుంది.

పేజీ పైన వాడు ఒక వాక్యం సొంతంగా చేర్చాడు: "ఇందులో ఉన్నట్టే చేసినా రాకపోతే, ముందు పేజీని అనుమానించండి." నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.