రెండు మంద్రకంఠములు

యుగళగీతమనగానే మన శ్రోతల మనస్సునకు తోచునది నాయికానాయకుల పాట. ఒకటి సన్నని గొంతు, ఒకటి నిండు గొంతు. రెండును వేర్వేరు ఎత్తులలో సాగును గనుక వానిని గుర్తించుటయు సులభమే, ఆనందించుటయు సులభమే. ఇరువురు పురుషులు, అందును క్రిందిస్థాయి కంఠములు గలవారు, ఎదురెదురుగా నిలిచి పాడినప్పుడు కలుగు ఆకర్షణ వేరు. పాశ్చాత్యుల ఆపెరాలో దీనికి గొప్ప చరిత్ర కలదు. విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములలో తెల్లవార్లు మేలుకొని పద్యనాటకములు విన్నవారికి ఈ రుచి తెలియనిది కాదు.

ఆపెరా యనగా వాద్యబృందముతో పాడబడు నాటకము. అందు పురుషకంఠములను ముఖ్యముగా మూడు తరగతులుగా చెప్పుదురు: పైది టెనార్, నడిమిది బారిటోన్, క్రిందిది బేస్. ప్రేమించు నాయకుని పాత్ర సాధారణముగా టెనారునకే దక్కును. రాజులు, తండ్రులు, మతగురువులు, పగవారు క్రింది కంఠములకు వత్తురు. కావున అట్టివారిద్దరు కలిసినచోట విషయము ప్రేమ కాదు. అధికారమో, కర్తవ్యమో, పంతమో అగును.

1835 జనవరిలో పారిస్ నగరమున బెల్లీని రచించిన ‘పురిటానులు’ ప్రథమముగా ప్రదర్శింపబడెను. కథాకాలము ఇంగ్లండులోని అంతర్యుద్ధకాలము. తాను కోరిన కన్య మనసు మరియొకనిపై నుండుటచే రికార్డో పగతో రగులుచుండును. ఆమె పినతండ్రి జార్జియో వచ్చి, ఆ ప్రతిపక్షినే కాపాడుమని వేడుకొనును. ఒకడు బారిటోన్, ఒకడు బేస్. కోపము కరగిన పిమ్మట ఇరువురును స్వదేశముకొరకు పోరాడెదమని బాకానాదముతో ప్రతిజ్ఞ చేయుదురు. ఆనాడు ఆ పాత్రలను ధరించినవారు తంబురీని, లబ్లాష్. ఎనిమిదేండ్లకు, 1843లో, ఈ యిద్దరే అదే నగరమున దోనిజెట్టి ‘డాన్ పాస్క్వాలే’లో నటించిరి. అచ్చట వారి యుగళగీతము కేవల హాస్యము. బరువైన గొంతులతో మాటలను గబగబ దొర్లించుటలోనే నవ్వు పుట్టును.

1867లో పారిస్‌లోనే వెలువడిన వెర్డీ ‘డాన్ కార్లోస్’ లోని రంగము వీనికన్న గంభీరము. స్పెయిన్ రాజు ఫిలిప్పు తన కుమారుని శిక్షింపవచ్చునా యని మతవిచారణాధిపతి నడుగును. ఆయన తొంబదేండ్ల అంధవృద్ధుడు. ఇద్దరివి బేస్ కంఠములే. వాద్యబృందము సయితము క్రిందిస్వరములలోనే నడచును. సింహాసనము గొప్పదా, మతపీఠము గొప్పదా యను తగవు అది. ఇరువురి స్థాయి యొక్కటే గనుక ఒకడు పైస్వరమునకెగసి రెండవవానిని మించుటకు తావులేదు. తేడా అంతయు మాటలో, ఊపిరిలో, నిలకడలో కనబడవలెను. శ్రోత చెవి స్వరముల ఎత్తును విడిచి మనుష్యుని స్వభావమును పట్టుకొనును. ఈ జంటల ఆకర్షణకు మూలము ఇదియే యని మా అభిప్రాయము.

క్రిందిస్థాయి కంఠము పెద్ద రంగశాలలో ఎట్లు వినబడుననుట న్యాయమైన ప్రశ్న. బేస్ గాయకుని అడుగుస్వరము సెకనునకు సుమారు 80 కంపనములు మాత్రమే. కాని సాధనచేసిన ఆపెరా గాయకుని గొంతులో 3000 కంపనముల ప్రాంతమున ఒక ప్రత్యేకమైన మెరుపు చేరును. వాద్యబృందపు బలము అచ్చట తక్కువ గనుక గాత్రము దానిని దాటి వినబడును.

మన సంగీతసంప్రదాయమున రెండు గాత్రములు ఒకేమారు వేర్వేరు స్వరములు పలుకుట పరిపాటి కాదు. మన పద్ధతి పద్యమునకు పద్యము. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయముల’లో శ్రీకృష్ణుడు రాయబారమునకు వచ్చి పద్యము చదువును, కౌరవపక్షము పద్యముతోనే బదులిచ్చును. వెర్డీ రంగమున నున్న తగవు వంటిదే ఇచ్చటను కలదు. అయితే మైకు లేని దినములలో వేలమందికి వినబడవలెనన్న హెచ్చుశ్రుతియే నటునికి శరణ్యము. మంద్రము పలుకు గొంతునకు ఆ రంగస్థలముపై ఆదరము తక్కువ.

హరికథలో వేరొక దారి ఏర్పడెను. అందు ఒక్క కంఠమే ఇద్దరగును. 1864లో బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ కళకు పితామహులనిపించుకొనిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినప్పుడు వారే ప్రథమాధ్యక్షులు. అనంతరకాలమున ఆ కళాశాలలో సాలూరు చినగురువుగారని పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రము నేర్పిరి. కృష్ణాజిల్లానుండి వచ్చి, మధుకరవృత్తితో పొట్టపోసికొనుచు వారికడ చదివిన బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు.

ఘంటసాలవారు తారస్థాయినందుకొనగలవారే; కాని పద్యమున మంద్రమును నిండుగా, మాట చెడకుండ పలికించుట వారి విశిష్టత. మైకు ఆ మంద్రమును చివరి శ్రోత చెవికి చేర్చెను. చలనచిత్రములలో రామారావుగారి పాత్రలకు వారును, రంగారావుగారి పాత్రలకు మాధవపెద్ది సత్యముగారును పలుమారు పాడిరి. ఒకరిది మెత్తని గాంభీర్యము, మరియొకరిది ఉరుమువంటి గాంభీర్యము. హాస్యమునకును కొదువలేదు. 1962 నాటి ‘కులగోత్రాలు’లో, పేకాటలో సొమ్ము పోగొట్టుకొన్నవారి గోడును పిఠాపురం నాగేశ్వరరావుగారు, మాధవపెద్దివారు కలిసి పాడిరి. దానికి స్వరములు కూర్చిన రాజేశ్వరరావుగారు సాలూరు సమీపపు శివరామపురమువారు. లబ్లాష్, తంబురీనుల హాస్యము మన యింటి కట్టుబట్టలతో వచ్చినట్లుండును.

ఈ చరిత్రను ఇప్పుడు తలచుకొనుటకు కారణము కలదు. స్వరపరీక్షకు వచ్చు యువకులలో సహజముగా క్రిందికంఠము గలవారిని మేము చూచుచుందుము. వారిలో పలువురు తమ శ్రుతిని విడిచి, పైశ్రుతికై కంఠనరములు పొంగునట్లు శ్రమపడుదురు. పద్యము తెగును, గొంతు బొంగురుపోవును. మైకు ముందు నిలిచియు మైకు లేనినాటి భయము వారిని విడువలేదు. అట్టి కంఠము లోపము కాదని వారికి తొలుదొలుత చెప్పవలసినవారు గురువులు. అట్టివారి నిద్దరిని చేర్చి, ఒకరిచే రాయబారిని, ఒకరిచే రారాజును, వారివారి శ్రుతులలోనే పాడించి చూడవలెను. కేకలు లేని ఆ తగవును వినుటకు శ్రోతలు తప్పక చెవియొగ్గుదురు.